అడ్వాన్స్ అంటే మాకు తెలిసింది ఒకటే



పోస్టు పెద్దదే. మెస్సులో అన్నం తినేసి, ఫోన్లో చార్జింగ్ ఉన్నప్పుడు చదవండి. పోయిన నెల ఒక అన్న ఇక్కడే అడిగినాడు, "ఇంజనీరింగ్ చదివే మనోళ్లు అక్కడ ఏం నేర్చుకుంటాండారు, అది మన కాలనీకి దేనికన్నా పనికొస్తాందా" అని. ఆ రోజు మా దగ్గర జవాబు లేక లైక్ కొట్టి ఊరుకున్నాం. ఇప్పుడు చెప్తాండాం.

మేము అంటే ముగ్గురం. రేణిగుంట చుట్టుపక్కల యానాది కాలనీల నుంచి వచ్చినోళ్లం. ఒకే హాస్టలు, ఒకే రూము, మెకానికల్ రెండో సంవత్సరం. మూడు ఇండ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇందులో ఎవరు ఏం చేసినారో, ఎవరు ఏం చెడగొట్టినారో విడదీసి చెప్పం. రూములో ముందే ఒప్పందం చేసుకున్నాం.

కథ మొదలయింది వైవాలో. ఐసీ ఇంజన్ల ల్యాబు. సారు ఇంగ్లీషులోనే అడిగినాడు, వాక్యూమ్ అడ్వాన్స్ అంటే ఏమి అని. పుస్తకంలో ఆ పేజీ మేము చదివినాం, కాకపోతే ఆ టైముకు ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. మాలో ఒకడు తలకాయలో మాటకు మాట తెలుగు చేసుకున్నాడు. వాక్యూమ్ అంటే శూన్యం. అడ్వాన్స్ అంటే ముందు డబ్బు. రెండూ కలిపి చెప్పేసినాడు: "ఏమీ లేకుండా ఇచ్చే అడ్వాన్స్ సార్."

అందరూ నవ్వినారు. సారు కూడా నవ్వినాడు. తప్పు పట్టుకోలేం, నవ్వొచ్చే మాటే. కానీ ఆ రాత్రి రూములో మేము నవ్వుకోలేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మన కాలనీలలో అడ్వాన్స్ అనే ఇంగ్లీషు మాట రాని ముసలోళ్లు లేరు. బడికి పోని మా జేజికి కూడా ఆ ఒక్క ఇంగ్లీషు మాట స్పష్టంగా వచ్చు. ఇటుకల బట్టీకి అడ్వాన్స్, మామిడి తోట కాపలాకు అడ్వాన్స్, కట్టె కొట్టేదానికి అడ్వాన్స్, బాతులు మేపేదానికి అడ్వాన్స్. తీసుకున్న ఇల్లు తాళమేసుకుని పోతాది, పిల్లకాయలతో సహా. "అడ్వాన్స్ తీరిందా" అనేది మా దగ్గర "అన్నం తిన్నావా" అన్నంత మామూలు మాట. అట్లాంటోళ్లను అడ్వాన్స్ అంటే ఏమి అని అడిగితే ఇంకేం చెప్తారు?

సారు ఒక మంచి పని చేసినాడు. మార్కులు ఎట్లా వేసినాడో కానీ, "పోయి ల్యాబులో ఉండే కోసిన ఇంజను చూడండి" అన్నాడు. మా ల్యాబులో అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజను సగానికి కోసి, లోపలి భాగాలకు ఎరుపు, పసుపు రంగులు వేసి పెట్టినారు. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. దీని పుట్టుక ఇంగ్లండు. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో చేస్తూ వచ్చి, 2014లో ఆ కారే ఆపేసినారు. ఆ ఇంజను పక్కన నిలబెట్టి ఉండే గిన్నె లాంటిదే డిస్ట్రిబ్యూటర్. షెడ్లలో డెల్కో అంటారు. దాని నడుముకు అతుక్కుని చిన్న టోపీ మాదిరి ఒక రేకు డబ్బా ఉంటాది. ఆ డబ్బాకు ఒక సన్న ట్యూబు, ట్యూబు రెండో కొస కార్బురేటర్‌కు. వాక్యూమ్ అడ్వాన్స్ అంటే ఇంతే. పిడికిట్లో పట్టే వస్తువు. దానికోసం మేము అంత నవ్వులపాలయినాం.

అది ఏం చేస్తాదో మేము అర్థం చేసుకున్న తీరులో చెప్తాం. పుస్తకంలో తీరు వేరు.

చెరువులో విసురు వల వేసేటప్పుడు మన పెద్దోళ్లు ఏం చెప్తారు? చేప ఉన్న చోట వెయ్యొద్దు, పోయే చోట వెయ్యమంటారు. వల గాలిలో తెరుచుకుని నీళ్లమీద పడేలోపల చేప ముందుకు పోయుంటాది. ఇంజనులో కూడా అంతే. పిస్టన్ పైకి వచ్చి పెట్రోలు గాలిని బాగా నొక్కిన తర్వాత స్పార్కు వేస్తే ఆలస్యం అయిపోతాది. ఎందుకంటే ఆ గాలి మందుగుండు మాదిరి ఒక్కసారి పేలదు. ఒక మూల నిప్పు అంటుకుని అటు కొసదాకా పాకాల. దానికి టైము పడతాది. అందుకే పిస్టన్ ఇంకా పైకి వస్తా ఉండగానే, కొన్ని డిగ్రీల ముందే స్పార్కు వెయ్యాల. ఆ ముందు వేయడమే ఇక్కడ అడ్వాన్స్. డబ్బు కాదు, డిగ్రీలు.

చేప ఎంత వేగంగా పోతే వల అంత ముందుకు వెయ్యాల. లెక్క వేసి చూసినాం. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు, అంటే 18,000 డిగ్రీలు. మంట పాకడానికి 2 మిల్లీసెకన్లు పడుతుందని అనుకుంటే, ఆ లోపల క్రాంకు 36 డిగ్రీలు తిరిగేస్తాది. అదే 900 చుట్ల ఐడ్లింగులో 11 డిగ్రీలు కూడా తిరగదు. ఈ తేడా చూసుకునేదానికి డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న బరువులు, స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి గిరగిరా తిరుగుతా బయటికి విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతాయి. ఇది వేగానికి సంబంధించిన అడ్వాన్స్. ఇది అందరికీ తొందరగా అర్థమవుతాది.

మాకు తల తిరిగింది రెండో దాని దగ్గర. వేగం ఒకటే ఉన్నా బరువు మారితే? ఇక్కడ వల కత చాలదు, పొయ్యి కత కావాల. మా అమ్మ కట్టెలు తడిసిన రోజు పొయ్యి ముందుగానే అంటిస్తాది. ఎండు కట్టెలు నిండుగా ఉంటే ఆలస్యంగా అంటిస్తాది, లేకుంటే అన్నం మాడిపోతాది. ఇంజను ఖాళీగా, చదును రోడ్డుమీద, కాలు కొంచమే నొక్కి పోతా ఉన్నప్పుడు సిలిండరులోకి పోయే పెట్రోలు గాలి తక్కువ, పలచన. పైగా వెనక మిగిలిన పొగ దాంట్లో కలుస్తాది. అది తడి కట్టె మాదిరి, మెల్లగా మండుతాది. దానికి స్పార్కు ఇంకా ముందు కావాల. అదే బండి నిండా బరువేసుకుని కాలు పూర్తిగా నొక్కితే సిలిండరు నిండా గాలి చిక్కగా పోతాది, గబగబా మండుతాది. అప్పుడు అంత ముందు వేస్తే పిస్టన్ పైకి రాకముందే ఒత్తిడి ఎక్కువైపోయి, మండని మిగతా గాలి తనంతట తానే పేలతాది. టిక్ టిక్ టిక్ అని గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపిన చప్పుడు. నాకింగ్ అంటే అదే. ఎక్కువ రోజులు ఉంటే పిస్టన్‌కు చేటు.

మరి బండిలో బరువుందా లేదా అనేది స్పార్కుకు ఎట్లా తెలుస్తాది? మాకు శానా ఇష్టమైన చోటు ఇదే. గాలి పోయే దారిలో ఉండే రేకు తలుపు, త్రాటిల్ అంటారు, కొంచమే తెరిచి ఉంటే ఇంజను ఊపిరి ఆడనట్టు లోపల గాలిని పీలుస్తాది. మంచి ఇంజను ఐడ్లింగులో ఉన్నప్పుడు మానిఫోల్డులో పాదరసం 18 నుంచి 20 అంగుళాల వాక్యూమ్ ఉంటాది. తలుపు పూర్తిగా తెరిస్తే అది సున్నాకు దగ్గరగా పడిపోతాది. అంటే వాక్యూమ్ ఎక్కువ అంటే బరువు తక్కువ, వాక్యూమ్ లేదంటే బండి కష్టపడతాంది. ఆ రేకు డబ్బాలో ఒక రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగు, ముందర ఒక కడ్డీ. వాక్యూమ్ పీల్చితే పొర వెనక్కి పోయి, కడ్డీ డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటును కొంచెం తిప్పుతాది. షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పడంతో స్పార్కు ముందే వస్తాది. కాలు నొక్కి ఎక్కుడు ఎక్కేటప్పుడు వాక్యూమ్ పోతాది, స్ప్రింగు ప్లేటును వెనక్కి నెడతాది, అడ్వాన్స్ దానంతట అదే వదులుకుంటాది. ఎవరూ చెప్పక్కర్లేదు. బరువు పడగానే వదిలేసే అడ్వాన్స్! మన బట్టీల దగ్గర బరువు పడేకొద్దీ బిగుసుకునేది అది.

లూకాస్ కంపెనీ డబ్బాల మీద మూడు అంకెలు కొట్టి ఉంటాయి. ఉదాహరణకు 5-17-8 అని ఉంటే, 5 అంగుళాల దగ్గర కదలడం మొదలు, 17 దగ్గర పూర్తి, మొత్తం 8 డిగ్రీలు. అది డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు; క్రాంకు దానికి రెండింతలు తిరుగుతాది కాబట్టి అసలు 16. ఈ రెండింతల సంగతి మర్చిపోయి మేము ఒక రోజంతా తప్పు లెక్క వేసినాం.

పాత కాలంలో ఇదంతా డ్రైవరే చేతితో చేసేవాడంట. ఫోర్డు మోడల్ టీ కారులో స్టీరింగు కింద ఎడమవైపు స్పార్కుకు ఒక లివరు, కుడివైపు త్రాటిల్‌కు ఒక లివరు. ఎక్కుడు వస్తే డ్రైవరే గమనించి స్పార్కు వెనక్కి లాగాల. ఆ డ్రైవరు చెవి, చెయ్యి చేసే పనిని ఒక రబ్బరు పొర చేస్తాంది.

ఇక చిన్నాయన సంగతి.

మాలో ఒకడికి చిన్నాయన అయితే మిగతా ఇద్దరికీ చిన్నాయనే. ఆయన దగ్గర ఒక పాత మారుతి ఓమ్ని ఉండాది, 1999 మోడలు, కార్బురేటర్ బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజను ముందు సీట్ల కింద. రెండు సంవత్సరాల కిందట ముగ్గురు కలిసి డబ్బులేసుకుని కొన్నారు, తర్వాత ఇద్దరు తప్పుకున్నారు. కాళహస్తి వైపు చెరువుల దగ్గర తెల్లవారకముందే చేపలు ఎత్తుకుని, ఏర్పేడు మీదుగా రేణిగుంటకు తెచ్చి అమ్ముతాడు. రోజూ ఐఐటీ దారిలోనే పోతాది ఆ బండి. లోపలి వాళ్లకు ఆ చేపల వాసన తగిలి ఉంటే తగిలి ఉంటాది. చేపల లేని రోజు కాలనీలో ఎవరికన్నా కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా అదే ఆంబులెన్సు.

సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు చిన్నాయన ముఖం బాగలేదు. బండి పెట్రోలు తాగేస్తాంది, లీటరుకు 10, 11 కిలోమీటర్లకు మించి రావట్లేదు. పెట్రోలు లీటరు నూరు దాటి ఎన్నాళ్లయింది! పైగా ఎక్కుడు వస్తే టిక్ టిక్ కొడతాంది. ఒక షెడ్డులో చూపిస్తే "ఇంజను బోరుకు వచ్చింది, 28,000 అవుతాది" అన్నారంట. చిన్నాయన మేస్త్రీని కలిసినాడు. తమిళనాడు వైపు ఇటుకల బట్టీ. 60,000 అడ్వాన్స్, ఆరు నెలలు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ రావాల. అందులో 15,000 ముందే చేతిలో పెట్టేసినాడు మేస్త్రీ. ఇద్దరూ పోతే మా చెల్లెలు పదో తరగతి. ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి పోరు. పరీక్షలు రెండు నెలల్లో ఉండాయి.

"ఆరు నెలలే గదరా అబ్బోడా, బండి బాగుచేసుకుని మళ్లా మన పని మనం చేసుకుంటాం," అన్నాడు. ఆరు నెలల మాట ఈ గ్రూపులో ఎన్ని ఇండ్లలో విన్నారో మీకే తెలుసు.

మేము సీటు ఎత్తి చూసినాం. నిజం చెప్పాలంటే బాగుచేద్దామని కాదు. వైవాలో నవ్వులపాలయిన వస్తువు బండిలో ఎట్లా ఉంటాదో చూద్దామని. చూస్తే డబ్బా ఉండాది, దానికి ట్యూబు లేదు. డబ్బా ముక్కు ఖాళీగా దుమ్ము పట్టి ఉండాది. వెతికితే కార్బురేటర్ వైపు నుంచి వచ్చే ట్యూబు కిందికి వేలాడతా ఉండాది, దాని నోట్లో ఒక స్క్రూ బిగించినారు.

ఆ స్క్రూ ఎందుకు పెట్టినారో మాకు పుస్తకం వల్లే తెలిసింది. టైమింగ్ పెట్టేటప్పుడు ఆ ట్యూబు పీకి, నోరు మూసి, అప్పుడే పెట్టాల. పెట్టినాక మళ్లా తగిలించాల. ఎవరో పీకినారు, మూసినారు, తగిలించడం మరిచిపోయినారు. బండి మందకొడి అయింది. తర్వాత ఇంకో చోట పికప్పు లేదని డెల్కోనే తిప్పేసి అడ్వాన్స్ పెంచినారు. చదును మీద కొంచెం బాగుపడింది, బరువులో టిక్ టిక్ మొదలయింది. దానికి బోరు అని పేరు పెట్టినారు. అంటే ఒక్క మరుపు మీద ఒక్కొక్కరు ఒక్కో వరస కట్టుకుంటా పోయినారు. షెడ్డు పేరు చెప్పం. పని ఒత్తిడిలో మరుపు ఎవరికైనా వస్తాది, మేము చేసింది చదివితే మీకే తెలుస్తాది.

చిన్నాయన గుర్తు తెచ్చుకుని చెప్పినాడు, ఆ డబ్బా గురించి అడిగితే "అది వేస్టు పార్టు, రేసు బండ్లలో తీసేస్తారు" అన్నారంట. మాట అబద్ధం కాదు. రేసు బండి ఎప్పుడూ కాలు పూర్తిగా నొక్కే నడుస్తాది, అక్కడ వాక్యూమే ఉండదు, డబ్బాకు పని ఉండదు. ఫోన్లో ఆ వీడియోలు చూసి మన కుర్రోళ్లు పాత జీపులకు కూడా పీకేస్తాండారు. కానీ చేపల బండి ఎక్కువ సేపు పావు యాక్సిలేటర్‌లోనే నడుస్తాది. రోడ్డు బండికి ఆ డబ్బా లేకుంటే పెట్రోలు ఆలస్యంగా మండి, దాని వేడి చక్రానికి పోకుండా సైలెన్సరుకు పోతాది.

డబ్బా బాగుందో లేదో తెలుసుకునేదానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ట్యూబు ముక్క తగిలించి నోటితో పీల్చి, నాలుక అడ్డం పెట్టాల. నాలుకను పట్టుకుని అట్లే ఉంటే పొర బాగున్నట్టు. గాలి వచ్చేస్తే పొర చినిగినట్టు. మేము పీల్చినాం, పట్టుకునింది. మూత తీసి చూస్తా పీల్చితే లోపలి ప్లేటు జరిగింది. ముగ్గురం వంతులేసుకుని పీల్చినాం. పిన్నమ్మ చూసి "ఏందిరా, బండికి పాలు తాగుతాండారా" అనింది.

రేణిగుంటలో 40 రూపాయలకు ట్యూబు ముక్క తెచ్చి తగిలించినాం. బండి బాగుపడలేదు. ఇంకా చెడిపోయింది. చదును మీద కూడా జర్కులు, టిక్ టిక్. అప్పుడు తెలివొచ్చింది: డెల్కోను ముందే తిప్పి పెట్టినారు కదా, దానిమీద ఇప్పుడు డబ్బా ఇచ్చే అడ్వాన్స్ కూడా కలిసింది. టైమింగ్ మళ్లా పెట్టాల.

ల్యాబు అసిస్టెంటు అన్న కాళ్లా వేళ్లా పడితే టైమింగ్ లైటు ఒక్క ఆదివారానికి ఇచ్చినాడు. ఇంజను స్టార్టు చేసి, లైటు కొట్టి, డెల్కోను తిప్పి మార్కుకు కలిపినాం. ట్యూబు పీకలేదు. పుస్తకంలో పీకమని ఉండాది, కానీ అందులోనే ఇంకోటి ఉండాది: ఈ ట్యూబు కార్బురేటర్‌లో త్రాటిల్ తలుపుకు కొంచెం పైన ఉండే రంధ్రం నుంచి వస్తాది కాబట్టి, ఐడ్లింగులో తలుపు మూసి ఉన్నప్పుడు దానికి వాక్యూమ్ అందదు, కాలు కొంచెం నొక్కితేనే అందుతాది అని. అట్లయితే పీకినా పీకకపోయినా ఒకటే కదా అని మా తెలివి. కొన్ని కార్లలో తలుపు కింద, నేరుగా మానిఫోల్డు నుంచి తీస్తారు, వాటికి మాత్రం తేడా వస్తాదిలే అనుకున్నాం.

సోమవారం పొద్దన చిన్నాయన పనిమీద మామండూరు వైపు పోయినాడు, వెనక ఆరుగురు. ఎక్కుడులో బండి నిలబడిపోయింది. లాగదు, వేడెక్కిపోయింది, రేడియేటర్ నీళ్లు పొంగినాయి. చిన్నాయన ఫోన్ చేసినప్పుడు మేము క్లాసులో ఉన్నాం. "పోనీలే రా, మీరు మాత్రం ఏం చేస్తారు. మేస్త్రీకి రేపు చెప్పేస్తా వస్తామని," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు మధ్యాహ్నం మెస్సులో ఎవరం సరిగా తినలేదు. వాళ్ల పిల్ల చదువును మన చేతులతో మనమే చెడగొట్టినాం అనే మాట ఎవరూ పైకి అనలేదు, ముగ్గురి తలలోనూ అదే.

సాయంత్రం రేణిగుంటలో ఒక పెద్దబాయ్ దగ్గరికి పోయినాం. ఒకప్పుడు స్టేషను దగ్గర కొండకు యాత్రికులను తీసుకుపోయే అంబాసిడర్లకు ఆయన మెకానిక్కు. ఇప్పుడు కండ్లు సరిగా కనపడవు, షెడ్డు కొడుకు చూసుకుంటాండాడు. మేము చెప్పిందంతా విని ఒక్క ప్రశ్న వేసినాడు: "ట్యూబు పీకి పెట్టినారా, పీక్కుండా పెట్టినారా?"

పీక్కుండా అన్నాం. ఐడ్లింగులో వాక్యూమ్ రాదు కదా అని మా పాండిత్యం కూడా చెప్పినాం.

"ఐడ్లింగు ఎంతలో ఉండాది నాయనా?"

అప్పుడు గుర్తొచ్చింది. బండి ఆగిపోతాందని ఎవరో ఐడ్లింగు స్క్రూ బాగా బిగించినారు. స్టాండులో ఉంటేనే గయ్యిమని అరుస్తాది. అంటే తలుపు మూసుకుని లేదు, కొంచెం తెరిచే ఉండాది. రంధ్రానికి వాక్యూమ్ అందతానే ఉండాది. డబ్బా అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసింది. ఆ ఇచ్చింది కలుపుకుని మేము మార్కుకు సరిపెట్టినాం. ఎక్కుడులో వాక్యూమ్ పోగానే ఆ అడ్వాన్స్ మాయం, మిగిలిన స్పార్కు శానా ఆలస్యం. అందుకే లాగలేదు, అందుకే వేడెక్కింది. డబ్బా చేసిన పనిని మేము అసలు కింద జమ వేసినాం. అసలు, వడ్డీ కలిపి రాసుకునే మేస్త్రీ లెక్క లాంటిదే మా లెక్క.

పెద్దబాయ్ షెడ్డులోనే పెట్టినాం. ఆయన కుర్చీలో కూచుని చెవితో వింటా చెప్పినాడు, మేము చేసినాం. ముందు ఐడ్లింగు తగ్గించినాం. ట్యూబు పీకి నోరు మూసినాం (అదే పాత స్క్రూతో). లైటు కొట్టి మార్కుకు కలిపి డెల్కో బిగించినాం. మళ్లా ట్యూబు తగిలించినాం. స్క్రూను జేబులో వేసుకున్నాం, ట్యూబులో మరిచిపోకుండా. యాక్సిలేటర్ కొంచెం లేపి లైటు కొడితే మార్కు జరగడం కనపడింది. ట్యూబు పీకి అంతే లేపితే అంత జరగలేదు. పుస్తకంలో గీత గీసి చూపించే గ్రాఫు మా కండ్లముందర మినుకుమినుకుమంటా కదిలింది. పెద్దబాయ్ డబ్బులు తీసుకోలేదు, టీ తెప్పించమన్నాడు.

తర్వాత మామండూరు దాకా పోయి చూసినాం, ఏడుగురం ఎక్కి. ఎక్కుడులో టిక్ టిక్ లేదు. వేడి ముల్లు మధ్యలోనే నిలబడింది. వారం రోజులు పెట్రోలు పోసిన బిల్లులు, తిరిగిన కిలోమీటర్లు చెల్లెలితో నోటుబుక్కులో రాయించినాం. లీటరుకు 14 వచ్చింది. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే బండికి 11 నుంచి 14 అంటే రోజుకు లీటరున్నర మిగిలినట్టు. బోరు చేయించే పని లేదని పెద్దబాయ్ కూడా చెప్పినాడు, కంప్రెషన్ చూసి.

చిన్నాయన మేస్త్రీ దగ్గరికి పోయి రామని చెప్పినాడు. 15,000లో 5,000 అప్పటికే ఖర్చయిపోయింది. మిగిలిన 10,000 చేతిలో పెట్టినాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. మాట ఇచ్చి తప్పుతావా, పనికైనా రా, లేకుంటే 15కు 25 కట్టు అన్నాడంట. ఈ చోట మా మెకానికల్ చదువు పనికి రాలేదు. గ్రూపులో లా చదివే అక్క ఒకరు పోయిన ఏడాది పెట్టిన పోస్టు పనికొచ్చింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అడ్వాన్స్ తీసుకున్నందుకు మనిషిని పనిలో కట్టేసుకోవడం నేరం, ఆ వెట్టి బాకీ చెల్లదు, కలెక్టరుకో ఆర్డీఓకో అర్జీ పెట్టుకోవచ్చు. కేంద్రం చట్టం కాబట్టి బట్టీ తమిళనాడులో ఉన్నా ఇదే. ఆ పోస్టు స్క్రీన్‌షాట్ చూపించి, ముగ్గురం చిన్నాయన పక్కన నిలబడినాం. మేస్త్రీ మాకు దూరపు చుట్టమే. ఆయన కూడా పైవాడి దగ్గర తెచ్చినోడే. చివరికి వడ్డీ లేకుండా ఆ 5,000 నెలకు వెయ్యి చొప్పున ఇచ్చేట్టు మాట్లాడుకున్నారు. రెండు నెలలు ఇచ్చినాడు. మూడో నెల చెరువులో నీళ్లు తగ్గి చేపలు పడలేదు, ఇవ్వలేదు. మేస్త్రీ ఆదివారం ఆదివారం వచ్చి అరుగుమీద కూచుని పోతాండాడు.

చెల్లెలు పరీక్షలు రాసింది. లెక్కలు బాగా రాసినా అంటాంది, చూడాల.

కొంతమంది అడగొచ్చు, ఈ పాత సామాను ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం అని. నిజమే, ఓమ్ని కూడా 2019లో ఆగిపోయింది. ఇప్పటి బండ్లలో డెల్కో లేదు, డబ్బా లేదు. కానీ మానిఫోల్డుకు ఒక చిన్న సెన్సరు ఉంటాది, మ్యాప్ సెన్సరు అంటారు. అది కొలిచేది అదే వాక్యూమ్. కంప్యూటరు దాన్ని, వేగాన్ని పట్టికలో చూసుకుని స్పార్కు ఎన్ని డిగ్రీలు ముందు వెయ్యాలో తేలుస్తాది. రబ్బరు పొర పోయి పట్టిక వచ్చింది, ప్రశ్న మాత్రం అదే: బండి మీద ఇప్పుడు బరువెంత? మొన్న క్లాసులో సారు ఆ పట్టిక బోర్డుమీద వేసినప్పుడు ఒక మూల అంకెలు ఎక్కువగా, ఇంకో మూల తక్కువగా ఎందుకున్నాయని అడిగినాడు. మా బెంచీలో ముగ్గురం చెయ్యెత్తినాం. తెలుగులోనే చెప్పినాం, తడి కట్టె, ఎండు కట్టె అని. ఈసారి కూడా కొంతమంది నవ్వినారు. సారు మాత్రం బోర్డు మీద ఆ రెండు మాటలు రాసినాడు.

గ్రూపులో ఎవరి కాలనీలోనైనా పాత కార్బురేటర్ ఓమ్ని, 800 ఉంటే, ముందు ఆ ట్యూబు ఉందో లేదో చూసుకోండి. ఉంటే నోటితో పీల్చి చూడండి. దానికి డబ్బులు అక్కర్లేదు. రెండో ఆదివారాలు మేము రేణిగుంటలోనే ఉంటాం, టైమింగ్ లైటు అడిగి తెస్తాం. ఇంకోటి, చిన్నాయన బండి డబ్బాలో పొర బండి వయసుదే. ఎప్పుడు చినుగుతాదో తెలియదు. పాత సామాన్ల అంగట్లో ఓమ్ని డెల్కో డబ్బా ఎవరికన్నా కనపడితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. కొనేముందు పీల్చి చూడటం మర్చిపోవద్దు.